అద్దె ఇంటిలో వంటగది అమరిక

ఇల్లు చూచి ఇల్లాలిని చూడుమని మనలో ఒక సామెత కలదు. సొంత ఇంటి విషయమున ఆ మాట చెల్లునేమో గాని, అద్దె ఇంటి ఇల్లాలి యెడల అది న్యాయమని తోచదు. ఎవరో కట్టిన గోడలు, ఎవరో తీసిన తూములు, ఎవరి ఎత్తుకో కుదిర్చిన వంటగట్టు. వాని నడుమ ఆమె దినమునకు నాలుగైదు గంటలు పనిచేయవలసియున్నది. అమరిక చెడ్డదైనచో నొచ్చునది ఆమె నడుము. దానిని మార్చవలెనన్న కావలసినది వేరొకరి అనుమతి.

అద్దె ఇంటిని బాగుచేయించుకొనునపుడు వంటగదిని ఎట్లు అమర్చుకొనవలెనని అడుగువారు మాకు తరచుగా తారసపడుచుందురు. హైదరాబాదు పాతబస్తీలో కాపురముండువారికి ఈ చిక్కు మరింత ఎక్కువ. కావున శాలిబండ ప్రాంతమున ఒక కుటుంబమువారు తమ వంటగదిని సరిచేసికొన్న తీరును కన్నులార చూచి వచ్చి, దాని ఆధారముగా ఈ విషయమును వివరింపదలచితిమి.

ముందుగా పాతబస్తీ ఇండ్ల సంగతి. 1591లో చార్మినారు చుట్టు వెలసిన ఈ నగరమున పాత తరహా పెద్ద ఇండ్లు రాళ్లతోను డంగుసున్నముతోను కట్టినవి. నడుమ ఆకాశము కనబడు ముంగిలి, దాని చుట్టు గదులు, అన్నిటికి వెనుక పొగ తగులనంత దూరమున వంటశాల ఉండెడివి. వంటశాలను అక్కడివారు బావర్చీఖానా అందురు. కాలక్రమమున ఆ ఇండ్లు వారసుల నడుమ పంపకములై, ఒక్కొక్క భాగము ఒక్కొక్క కుటుంబమునకు అద్దెకు పోయినది. అందుచేత నేడు పెక్కు కుటుంబములు వంటకొరకు కట్టని గదిలో వంట చేసికొనుచున్నవి. ఒకప్పుడు సామానుల కొట్టుగానో పడకగదిగానో ఉన్నదానిలో ఈనాడు పొయ్యి వెలుగుచున్నది.

నీటి సంగతియు ఇట్టిదే. 1908 సెప్టెంబరులో మూసీనది వరదలు నగరమును ముంచెత్తిన పిమ్మట, వరద నివారణకును నీటి సరఫరాకును 1920లో ఉస్మాన్ సాగరు, 1927లో హిమాయత్ సాగరు నిర్మింపబడినవి. పాత ఇండ్లలో అనేకములకు నల్లా వచ్చినది ఇల్లు కట్టిన ఎంతో కాలమునకు. గొట్టము ఎంతవరకు వచ్చునో అంతవరకే నల్లా. అది తరచుగా ముంగిలిలో మోరీ ప్రక్కనే నిలిచిపోయినది.

మేము చూచిన ఇంటిలోను అంతే. దంపతులు, ఇద్దరు పిల్లలు, మోకాళ్ల నొప్పిగల అత్తగారు, ఇది కుటుంబము. కోడలు ఉదయము తొమ్మిది గంటలకు ఉద్యోగమునకు వెళ్లవలెను. వంటగది తూర్పు పడమరలు 12 అడుగులు, ఉత్తర దక్షిణములు 8 అడుగులు. ఉత్తరపు గోడకు పడమటి చివర ద్వారము, తూర్పు చివర కిటికీ. ఆ గోడకు వెలుపల ముంగిలిలో నల్లా, మోరీ. వంటగట్టు మాత్రము దక్షిణపు గోడకు ఆనుకొని ఆగ్నేయ మూలను ఉండెను. దినుసులన్నియు పడమటి గోడ బీరువాలో, ద్వారపు తలుపు చాటున. వంట చేయు మనిషి కిటికీకి వీపు త్రిప్పి నిలబడును గనుక ఆమె నీడ ఆమె కూరగాయలపైననే పడుచుండెను.

వారు మేస్త్రీని పిలిపించి అడిగిరి. తూర్పు గోడను పగులగొట్టి కిటికీ పెట్టవలెననియు, రెండు గోడల వెంబడి గ్రానైటు గట్టు కట్టవలెననియు, ఏడడుగుల ఎత్తువరకు పలకలు అతికింపవలెననియు ఆయన సలహా. 80,000 రూపాయలు అగునని అంచనా. ముందుభాగమున నివసించు ఇంటి యజమాని వృద్ధుడు. గోడ ముట్టుటకు వీలులేదని ఆయన ఖండితముగా చెప్పెను. కోడలికి కోపము వచ్చినది. మాట పట్టింపులై ఇల్లు ఖాళీచేయు వరకు వచ్చినది.

ఇచ్చట యజమాని మాటలో న్యాయమున్నదని ఒప్పుకొనక తప్పదు. ఇట్టి ఇండ్లలో ఇనుపకంబీల స్తంభములు ఉండవు. పైకప్పు దూలముల బరువంతయు గోడలే మోయును. అట్టి గోడలో క్రొత్తగా కన్నము తీసినచో పైభాగము క్రుంగుటకు అవకాశము కలదు. అదియుగాక, సున్నపు గోడ తేమను పీల్చుకొని మరల గాలిలోనికి విడుచుచుండును. దానిపై సిమెంటు పూసి పలకలు అతికించినచో తేమ బయటికి పోవు త్రోవలేక లోపలనే చిక్కి, కొన్నాళ్లకు గోడ చవుడెక్కి పెళ్లలు రాలును.

గోడ జోలికి పోకుండ ఏమి చేయవచ్చునని ఆలోచింపగా అత్తగారికి ఒక ఉపాయము తోచినది. ఒకనాటి ఉదయము ఆమె ద్వారమువద్ద పీట వేసికొని కూర్చుండి, ముందు రెండు గిన్నెలు పెట్టుకొనెను. కోడలు నీటికై గడప దాటినప్పుడెల్ల ఒక గిన్నెలో చింతపిక్క వేసెను. బీరువా దగ్గరకు వచ్చినప్పుడెల్ల రెండవ గిన్నెలో వేసెను. ఆరు గంటలనుండి తొమ్మిదివరకు లెక్కింపగా నీటి గిన్నెలో 71, దినుసుల గిన్నెలో 38 పిక్కలు తేలినవి.

పొయ్యినుండి నల్లాకు 15 అడుగులు. ఆ లెక్కన నీటికి పోయి వచ్చుటలో నడచిన దూరము రెండువేల అడుగులకు కొంచెము ఎక్కువ. రెండువేల అడుగుల నడక ఒంటికి మంచిదే గదాయని ఎవరైన అనవచ్చును. కాని చిక్కు దూరములో లేదు. 71 మారులు తడిచేతితో గడప దాటుట, అన్నిమారులును వెలుగుచున్న పొయ్యిని వదలి పోవుట, అందులోనే చిక్కున్నది. "కోడలు పనికి పోయినంక ఈ గడప నేను దాటాలె గద. ఒక్కసారి జారితే నా బతుకంత మంచం మీదనే" అని అత్తగారు మాతో అనిరి. ఇంకొక సంగతియు తెలిసినది. ఆ రాకపోకలలో సగమునకు పైగా చేతులు కడుగుకొనుటకు, బియ్యము ఒకసారి జాడించుటకు, చెంబెడు నీళ్లు తెచ్చుటకు అయినవే. అంత చిన్న పనులకు నల్లాయే అక్కరలేదు. లోపల ఒక చిన్న తొట్టి చాలును.

ఇట్లు అడుగులు లెక్కించుట ఇతర దేశములలోను జరిగినది. అమెరికాలో క్రిస్టీన్ ఫ్రెడరిక్ అను గృహిణి వంటింటి నడకలను పరిశీలించి 1912లో పత్రికలో వ్యాసములు ప్రకటించెను. 1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టు నగరమువారు అద్దె ఇండ్లను వేలకొలది కట్టింపదలచినప్పుడు, మార్గరెటె షుటె-లిహోట్‌స్కీ అను స్త్రీ శిల్పి వారికొక వంటగదిని రూపొందించెను. రైలులోని భోజనశాల పెట్టెలో ఇరుకు చోట వంట సాగు తీరు ఆమెకు మార్గదర్శకమైనది. ఆ గది వెడల్పు 1.9 మీటర్లు, పొడవు 3.4 మీటర్లు, అనగా దాదాపు ఆరున్నర చదరపు మీటర్లు. అట్టివి సుమారు 10,000 నిర్మింపబడినవి. మన శాలిబండ గది దాదాపు తొమ్మిది చదరపు మీటర్లు. భోజనమునకు వేరుగా చోటున్న ఇంటిలో వంటగది 5 చదరపు మీటర్లకు, వెడల్పు 1.8 మీటర్లకు తగ్గకూడదని మన జాతీయ భవన నిర్మాణ నియమావళి చెప్పుచున్నది. దానికన్నను ఇది పెద్దదే. కావున కొరత చోటులో లేదు, సామానులు కూర్చిన తీరులో ఉన్నది.

అయితే ఫ్రాంక్‌ఫర్టు గదిని ఉన్నదున్నట్లు మనము తెచ్చి పెట్టుకొనలేము. అది ఒక్క మనిషి నిలబడి పనిచేయుటకు తగినది. మన ఇంట అత్తాకోడండ్రు కలసి పనిచేయుదురు. ఒకరు నిలబడి పోపు వేయుచుండగా ఒకరు కత్తిపీట ముందు కూర్చుందురు. పండుగనాడు ఇంకొక ఇద్దరు వచ్చి చేరుదురు. ఇద్దరు తగులుకొనకుండ తిరుగవలెనన్న నడుమ నాలుగడుగుల ఖాళీ కావలెను. క్రింద కూర్చుండువారికి మూడడుగుల చదరపు చోటు, నడకత్రోవకు ప్రక్కగా, వేరుగా విడువవలెను.

1940 తరువాతి దశాబ్దమున అమెరికాలోని ఇల్లినాయిస్ విశ్వవిద్యాలయమువారి పరిశోధనలవలన ఒక సులభ సూత్రము వ్యాప్తిలోనికి వచ్చినది. పొయ్యి, నీరు, దినుసులు, ఈ మూడింటిని మూడు మూలలుగా భావించి త్రికోణము గీయవలెను. ఒక్కొక్క భుజము 4 అడుగులకు తగ్గకుండ, 9 అడుగులకు మించకుండ ఉండవలెను. మూడు భుజములు కలిపి 26 అడుగులు దాటరాదు. మరీ దగ్గరైనచో చేతికి చోటు చాలదు. మరీ దూరమైనచో కాళ్లు అలసిపోవును. నడకత్రోవ ఈ త్రికోణమును చీల్చుకొని పోకూడదు.

ఈ సూత్రమును చేతబట్టుకొని ఆ కుటుంబమువారు సుత్తికి బదులు సుద్దముక్క తీసికొనిరి. షాబాదు బండల నేలపైననే గట్టు ఎచ్చట, నీరు ఎచ్చట, బల్ల ఎచ్చట అని గీతలు గీసి, ఖాళీ డబ్బాలను నిలిపి, రెండు దినములు ఆ గీతల ప్రకారము మసలి చూచిరి. మొదట కిటికీ క్రింద పొయ్యి పెట్టవలెనని కోడలి కోరిక. కాని ఈదురుగాలికి మంట ఆరిపోవును. మంట ఆరినను గ్యాసు వెలువడుచునే ఉండును. ఆగ్నేయమున పొయ్యిని కదల్చుటకు అత్తగారు ఒప్పుకొనలేదు. తుదకు తేలిన అమరిక ఇది. పొయ్యి ఆగ్నేయముననే ఉన్నది గాని, గట్టు దక్షిణపు గోడనుండి తూర్పు గోడకు మారినది. పాత గట్టు రెండు ఇటుక దిమ్మెలపై పరచిన బండ మాత్రమే. గోడలోనికి దిగలేదు గనుక జరుపుటకు యజమాని అంగీకరించెను. ఇప్పుడు వంటచేయువారు తూర్పు ముఖముగా నిలబడుదురు. ఉత్తరపు కిటికీ వెలుతురు ఎడమవైపునుండి వచ్చును. కుడిచేతివాటము గలవారికి కత్తిపై నీడ పడదు. గట్టుకు ఉత్తరపు చివర, కిటికీ ప్రక్కగా, నీరు. దక్షిణపు గోడకు, పొయ్యికి చేతిదూరములో, దినుసుల స్టాండు. పెద్దల ఆచారమునకును పనివారి సూత్రమునకును ఇక్కడ తగవు లేకపోయినది.

నీటికి 50 లీటర్ల తొట్టిని ఇనుప పీఠముపై నిలిపి, దానికొక కుళాయి అమర్చి, క్రింద స్టీలు తొట్టె పెట్టిరి. వాడిన నీరు గోడ అడుగున ముందునుండియే ఉన్న తూముగుండా మోరీలోనికి పోవును. నల్లా వచ్చిన పూట కిటికీగుండా రబ్బరు గొట్టము వేసి తొట్టి నింపుకొందురు. బిందె మోయు పని లేదు. నిండిన తొట్టి 50 కిలోలకు పైగా బరువు తూగును గనుక పీఠము గట్టిదై ఉండవలెను. మూత బిగువుగా ఉంచి, వారమునకొకసారి తోమనిచో దోమలు గ్రుడ్లు పెట్టును.

గట్టు ఎత్తు విషయమున ఒక కొలత గుర్తుంచుకొనదగినది. ఎక్కువగా పనిచేయువారు నిటారుగా నిలబడి మోచేయి మడచి, మోచేతికి 4 నుండి 6 అంగుళముల క్రిందుగా గట్టు వచ్చునట్లు చూచుకొనవలెను. ఐదడుగుల మనిషికి ఇది 32, 33 అంగుళములు. పొయ్యి తానే నాలుగంగుళములు లేచును, దానిపై గిన్నె ఎత్తు వేరు. కనుక పొయ్యి ఉండు భాగము 30 అంగుళములు చాలును. ఆ ఇంటి పాత గట్టు 36 అంగుళములు ఉండుటచేత కుక్కరు మూత తీయుటకు కోడలు భుజమెత్తవలసి వచ్చుచుండెను. దిమ్మెలనుండి రెండు వరుసల ఇటుకలు తీసివేయగా ఆ బాధ తీరినది.

గ్యాసు విషయమున ఇంటిల్లిపాదికి తెలిసియుండవలసిన సంగతి ఒకటి కలదు. వంటగ్యాసు గాలికన్న బరువైనది. కారినప్పుడు అది పైకి పోక నేలపై పరచుకొనును. పాత ఇండ్లలో గడప ఎత్తుగా ఉండును గనుక ఆ గ్యాసు గదిలోనే నిలిచిపోవచ్చును. అందుచేత నేలమట్టమున గాలి పోవు కంతలను గుడ్డలతో మూయరాదు. సిలిండరును నిలువుగానే ఉంచవలెను. పొయ్యి దానికన్న ఎత్తున ఉండవలెను. గొట్టము ఒకటిన్నర మీటరుకు మించరాదు, నడుమ అతుకు ఉండరాదు, గోడలో దాచరాదు, ఐదేండ్లకొకసారి మార్చవలెను. వాసన తగిలినచో ఏ స్విచ్చిని వేయకుండ, ఆర్పకుండ, రెగ్యులేటరు మూసి, తలుపులు కిటికీలు తెరచి, బయటికి వచ్చి 1906 నంబరుకు ఫోను చేయవలెను.

గాలిమాట వచ్చినప్పుడు మన నగరమునకు చెందిన ఒక కృషిని తలచుకొనుట ధర్మము. కట్టెల పొగతో కండ్లు పోగొట్టుకొను స్త్రీలకొరకు హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనశాలకు చెందిన డాక్టరు ఎస్. పి. రాజుగారు పొగగొట్టముతో కూడిన పొయ్యిని రూపొందించి, పొగలేని వంటిండ్లను గురించి 1953లో పుస్తకము ప్రకటించిరి. నేడు గ్యాసు వచ్చినను తాలింపు పొగ, ఆవిరి, మంట వెలువరించు వాయువులు పోలేదు. అవి పోవుటకు పైన ఒక దారి, మంచిగాలి వచ్చుటకు ఎదుట ఒక దారి కావలెను. మేస్త్రీ పగులగొట్టి కిటికీ పెట్టుదునన్న తూర్పు గోడలోనే, పైకప్పుకు దిగువ, ఒక రోషన్‌దాను ఉన్నది. ఏనాడో ఎవరో దానిలో పాతగుడ్డలు కుక్కియుంచిరి. అవి లాగివేసి, అందులో గాలిపంకా బిగించిరి. గోడకు ఒక్క దెబ్బయు తగులలేదు.

మిక్సీ మొదలగువానికి భూమితీగ గల మూడు కాళ్ల సాకెట్లే వాడవలెను. అవి నీటితొట్టికి చేయి చాచినంత దూరములో ఉండరాదు. పాత తీగలను లైసెన్సుగల పనివానిచే పరీక్షింపజేయవలెను. ఫ్రిజ్జిని పొయ్యి ప్రక్కన పెట్టుటకన్న గది వెలుపల పెట్టుట మేలు.

ఇక డబ్బు మాట, ఒడంబడిక మాట. అద్దె ఒప్పందములను పెక్కుమంది 11 నెలలకే వ్రాసికొందురు. కావున ఖర్చును మిగిలిన నెలలతో భాగించి చూచుకొనవలెను. 80,000 రూపాయలను 11 నెలలకు పంచినచో నెలకు 7,270 రూపాయలకు పైబడును. అది అద్దెపై మరియొక అద్దె. గోడకు అతికినది యజమానికి మిగులును, ఎత్తి తీసికొనిపోగలది మనతో వచ్చును. అందుచేత నల్లా గొట్టము, తూము, విద్యుత్తు తీగ, ఇవి యజమాని ఖర్చుగాను, స్టాండు, తొట్టి, పంకా మన ఖర్చుగాను మాటాడుకొనుట సబబు. అనుమతి లేక ఇంటి విలువకు హాని కలుగునట్లు మార్పులు చేయుట, 1960నాటి అద్దెల నియంత్రణ చట్టము వర్తించు ఇండ్లలో, ఖాళీచేయించుటకు కారణము కాగలదు. ఉన్నది ఏమి, మార్చునది ఏమి, ఖర్చు ఎవరిది, పోవునపుడు తీసికొనిపోవునది ఏమి, ఈ నాలుగు సంగతులు ఒక కాగితముపై వ్రాసి ఇరువురు సంతకములు చేసినచో సగము తగవులు పుట్టవు. ఈ కుటుంబమువారు అట్లే చేసిరి. సుద్దగీతలను చూపి, గోడ ముట్టమని మాట ఇచ్చిన పిమ్మట ఆ వృద్ధుడే తూమును తన ఖర్చుతో బాగుచేయించెను. వీరికి అయినది 14,000 రూపాయలు.

అన్ని చిక్కులును తీరినవని చెప్పజాలము. గది పడమటి సగము మిట్టమధ్యాహ్నమున కూడ చీకటియే. అక్కడ దీపము వెలుగుచుండవలసినదే. నెలకు సరిపడు బియ్యము ఇప్పటికిని తలుపు చాటు బీరువాలోనే ఉన్నది. అయినను మేము వెళ్లిననాటి ఉదయము అత్తగారు చింతపిక్కల గిన్నెను మరల ముందు పెట్టుకొని లెక్కించిరి. నీటికై గడప దాటినది 24 మారులు.

శ్రోతలకు మా మనవి ఒక్కటే. మేస్త్రీని పిలుచుటకు ముందు ఒక ఉదయము మీ ఇంటిలోను ఇట్లు లెక్కించి చూడుడు. ఇంటి పురుషులు కూర్చుండి ఆ లెక్క వ్రాసినచో మరియు మంచిది. ఏది మార్చవలెనో, ఏది మార్చనక్కరలేదో ఆ గిన్నెలే తెలుపగలవు.